బలం గోలీల డబ్బా

కొత్తకోటలో హైవే పక్కన ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం నడిపే అమరేందర్‌కు ఇరవై ఆరేళ్లకే నుదుటి మీది జుట్టు వెనక్కి జరగడం మొదలైంది. ఇరవై తొమ్మిది వచ్చేసరికి నడినెత్తిన చర్మం కనబడసాగింది. పెళ్లిచూపులకు పోయిన రెండు చోట్ల కబురు పెడతామన్నారు, పెట్టలేదు. ఉల్లిగడ్డ రసం, మందార నూనె, ఎవరో చెప్పిన ఆకు పసరు అన్నీ రుద్దుకున్నాడు. చివరికి మహబూబ్‌నగర్‌లో చర్మ వ్యాధుల డాక్టరమ్మ చూసి, ఇది వంశంలోంచి వచ్చే బట్టతల అని చెప్పి, రోజుకొక ఫినాస్టెరైడ్ గోలీ రాసింది. గర్భిణులు దాన్ని ముట్టుకోకూడదని కూడా చెప్పింది. పెళ్లి కానివాడికి ఆ మాట చెవికెక్కలేదు.

ఆరు నెలలకు రాలడం ఆగింది. ఏడాదికి సన్నటి వెంట్రుకలు మొలిచాయి. ఆ తర్వాత స్వర్ణతో పెళ్లయింది.

గోలీల సంగతి ఆమెకు చెప్పలేదు. జుట్టు కోసం మందు మింగుతున్నాడని నవ్వుతుందేమోనని సిగ్గు. ఖాళీ విటమిన్ డబ్బాలో పోసుకుని, అడిగితే బలం గోలీలన్నాడు.

రెండో ఏడు స్వర్ణ నెల తప్పింది. ఒకటే వాంతులు, నీరసం. ఒక పొద్దున అతను డబ్బా మూత తీస్తుంటే ఆమె మామూలుగా అంది:

"నేను గూడ నాలుగు దినాల సంది ఏస్కుంటున్న. బలానికే గద."

అమరేందర్ డబ్బా మూత మళ్లీ బిగించేశాడు. ఏం చెప్పి తప్పించుకోవాలా అని ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత తల వంచుకుని నిజం చెప్పాడు.

"అవి బలం గోలీలు గావు. నా ఎంటికలకు. కడుపుతోని ఉన్నోళ్లు మింగొద్దన్నరు."

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. డబ్బాను కొంగులో కట్టుకుని, దవాఖానకు పోదాం లెమ్మంది. బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండుననుకున్నాడు అమరేందర్.

గోలీలు రాసిన మహబూబ్‌నగర్ డాక్టరమ్మే తేదీలడిగి, క్యాలెండర్ చూసి లెక్కపెట్టింది.

"భయమంత మగపిల్లగాడైతేనే. మగ అవయవాలు తయారయ్యేది ఎనిమిదో వారం దాటినంక. నీకింక ఆరోదే నడుస్తాంది. మింగింది నాలుగే, రెండుమూడు దినాల్ల ఒంట్లకెళ్లి బయటికి పోతది. ఇగ ముట్టకు తల్లీ. కాన్పు డాక్టరుకు గూడ చెప్పుండ్రి."

బయటికి వచ్చాక స్వర్ణ నోరు విప్పింది. సంబంధం వచ్చినప్పుడే ఇంటివాళ్ల ఫోటోలో అతని నాయిన బట్టతల చూశానని, కొడుకు తల కూడా ఒకనాటికి అట్లనే అవుతుందని తెలిసే ఒప్పుకున్నానని చెప్పింది.

"నాకు చెప్తే నేనేమన్న అందునా?"

ఆనాటి నుంచి గోలీలను దుకాణంలోనే, వాటి అట్టలోనే ఉంచాడు. ఐదో నెల స్కానింగ్‌లో అంతా మంచిగనే ఉందన్నారు. స్వర్ణ కుదుటపడింది. అతనికి మాత్రం మగపిల్లవాడైతే ఎట్లా అన్న భయంతో ముద్ద దిగేది కాదు.

వనపర్తిలో కాన్పయింది. మగపిల్లవాడు. పిల్లల డాక్టరు బట్ట విప్పి తల నుంచి పాదాల దాకా చూసి, ఏ లోపమూ లేదన్నాడు. అమరేందర్ గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కొడుకు పుడితే ఏడుపేందని అతని తల్లి బిక్షమ్మ మందలించింది. స్వర్ణ మంచం మీది నుంచి, ముందు పోయి ఏమన్నా తిని రమ్మంది.

దవాఖాన ముందరి హోటల్లో చల్లారిన ఉప్మా రెండు ప్లేట్లు తిన్నాడు. ఇంకా ఆకలిగానే ఉంది. మూడోది చెప్పాడు.