అవ్వ ఎత్తు మోంబత్తి

ఆ రోజుల్లో అసూయ పాపమని నాకు తెలియక కాదు. సండే స్కూల్లో చెబుతూనే ఉండేవారు. వాళ్లు చెబుతున్నంతసేపూ నేను కళ్లు మూసుకుని, మా షామీర్‌పేట అక్కకే అంత పొడుగు జడ ఎందుకిచ్చావని దేవుణ్ణి నిలదీస్తూ ఉండేదాన్ని. అక్క మా పెద్దనాయిన కూతురు, నాకంటే రెండేళ్లు పెద్ద. ఆమె గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. నేను ఉన్నచోట ఇంకెవరి మాటా వినపడదు (ఇప్పటికీ అంతే, మా ఆయన్ని అడగండి). అందరూ అక్కనే మెచ్చుకునేవారు. అది నాకు అన్నంలో రాయిలా తగిలేది.

నేను ఇంటర్ పరీక్షలు రాసిన ఏడాది మా అవ్వకు, అంటే నాయనమ్మకు, టైఫాయిడ్ వచ్చి, చావు తప్పి బయటపడింది. బతికితే తన ఎత్తు మోంబత్తిని నడిచివెళ్లి మెదక్ పెద్ద చర్చిలో వెలిగిస్తానని జ్వరంలోనే మొక్కుకుందట. ఈస్టర్ ముందటి శ్రమ దినాల్లో మేడ్చల్ నుంచి మా సంఘం వాళ్లు ఏటా మూడు రోజులు నడిచి అక్కడికి వెళ్లేవారు. అవ్వ నడవలేదు కాబట్టి మోంబత్తి మాతో పంపాలనుకున్నారు. మా బాపు దారం తెచ్చి కొలవబోతే అవ్వ ఒప్పుకోలేదు. నాట్లు వేసీ వేసీ ఆమె నడుము ఎప్పుడో వంగిపోయింది. దర్వాజ దగ్గరకు వెళ్లి, చెయ్యి పైకెత్తి చౌకట్టు మీద ఒకచోట వేలు పెట్టింది. "పెండ్లప్పుడు గీడిదాక ఉంటుంటి. గంతే కొలువు. దేవుని ముందట ఒక్కపారన్న సక్కగ నిలబడాలె నేను" అంది. బాపు అక్కడికే దారం తెంపాడు. బొల్లారంలో మైనం పోసే ఆయన ఆ కొలతకే పోసిచ్చాడు.

ఇంట్లో అవ్వకు గోలీలు ఇచ్చేది నేను, తల దువ్వేది నేను. తీరా మోంబత్తిని తన పాత చీరలో చుట్టి అవ్వ ఎవరి చేతిలో పెట్టిందనుకున్నారు? షామీర్‌పేట నుంచి పొద్దున బస్సు దిగిన అక్క చేతిలో! నా మొహం చూసి, "నీకు తొందరెక్కువ బిడ్డా, గది నిమ్మలంగ పట్టుకపోతది" అంది. నా చేతికి వచ్చింది పులిహోర డబ్బా.

పాతికమందిమి నడిచాం, వెనకాల నీళ్ల డబ్బాలతో ఒక ట్రాలీ ఆటో. అక్క బోరు కనిపించిన ప్రతిచోటా ఆగి, మైనం మెత్తబడకుండా మోంబత్తికి చుట్టిన చీర తడిపేది. చంటిపిల్లకు స్నానం చేయిస్తున్నట్టు ఏమి వేషాలో అని నేను పళ్లు కొరుక్కునేదాన్ని. ఊళ్లలో ఆడవాళ్లు ఏందమ్మా గది అని అడిగితే, "మా అవ్వ" అనేది, అంతే. వాళ్లు చెయ్యి ఆనించి కళ్లకద్దుకునేవారు. పులిహోర డబ్బాను ఎవరు కళ్లకద్దుకుంటారు? చివరికి పాదాలకు బొబ్బలు కూడా ఆమెకే పెద్దవి లేచాయి. రెండో రోజు తూప్రాన్ దాటాక మడమ బొబ్బ చితికితే, పాస్టరయ్యగారు ఆమెను బలవంతాన ఆటో ఎక్కించారు. నా మనసు ఎంత సంబరపడిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "గంటకోపారి తడుపు చెల్లె" అంటూ అక్క మోంబత్తిని నాకిచ్చింది.

మధ్యాహ్నం ఒక ఊరి బడిలో ఆగాం. చీర చుట్టి ఉంటే అది మోంబత్తో నీళ్ల పైపో జనానికెలా తెలుస్తుంది? విప్పేసి, రోడ్డు మీదికి కనపడేట్టు గేటు పక్క గోడకు ఆనించి నిలబెట్టాను. నీడ ఉందిలే అనుకున్నాను. నలుగురు వచ్చి మస్తుగుందన్నారు. మొక్కు కథ మూడుసార్లు చెప్పాను, చెప్పినప్పుడల్లా టైఫాయిడ్ ముదిరింది. తర్వాత తిని ఒక కునుకు తీశాను. లేచేసరికి ఎండ గోడ మీదికి తిరిగింది. మోంబత్తి సగానికి వంగి, అచ్చం పొలంలో నాట్లేస్తున్న అవ్వలా ఉంది. ఆమె వద్దన్నది ఆ వంగడమే. నేను బావురుమన్నాను.

అక్క కుంటుకుంటూ వచ్చింది. తిడుతుందేమోనని చూశాను, తిట్టినా బాగుండేది. మోంబత్తిని వరండా బండల మీద పడుకోబెట్టి, ఒక కొస నా చేతికిచ్చింది. ఇద్దరం చేగోడీల పిండిలా అరచేతులతో మెల్లగా దొర్లించి, నీళ్లు చల్లాం. పై జానెడు తప్ప అంతా సాపైంది. ఇంకా నొక్కితే విరిగేట్టుంది. మర్నాడు అక్క చెప్పులు చేత్తో పట్టుకుని నా పక్కనే నడిచింది కానీ, మోంబత్తి మాత్రం తిరిగి తీసుకోలేదు. చర్చిలో వెలిగించి, ఆ వంకర జానెడు కాలిపోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

ఇంటికి రాగానే అవ్వ అడిగిన మొదటి మాట, "సక్కగ నిలబడ్డదా?" అక్కే చెప్పింది. "ముందుగాల జర తల వంచి దండం బెట్టింది అవ్వా. గటెన్క సక్కగ నిలబడ్డది." అవ్వ కొంగుతో కళ్లొత్తుకుని, "గట్లనే జేస్తుంటి నేనైతే" అంది. నాకు గుండె తేలికైంది. మరుక్షణమే, ఆ మాట నాకెందుకు తట్టలేదని కడుపు మండింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. మా పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ మాట నేనే అన్నట్టు చెబుతాను. పండగలకు వచ్చిన అక్క పక్కనే కూర్చుని, ఉల్లిగడ్డ తరుగుతూ వింటుంది. ఒక్కసారి కూడా కాదనలేదు. ఆమెను చూస్తే నాకు ఇప్పటికీ కుళ్లే.