తగ్గించి, తగినంత

ఆఫీసులో ఆవిడను అందరూ మాటల మేడమ్ అంటారు. పోషకాహార శాఖ ల్యాబులో ఏళ్ళ తరబడి తేల్చిన విషయాన్ని నలుగురికీ అర్థమయ్యేలా నాలుగు వాక్యాల్లో రాసి, ఆసుపత్రులకూ బడులకూ పోస్టర్లుగా పంపడం ఆవిడ పని. చదివింది జీవరసాయన శాస్త్రం. బాబు పుట్టాక ల్యాబులో వేళాపాళా లేని డ్యూటీలు కుదరక ఈ బల్ల దగ్గరికి మారింది. బాబు తినే ప్రతి బిస్కెట్టు ప్యాకెట్టునూ తిప్పి చదువుతుంది. "అది తినడానికి తెచ్చావా, పరీక్షకి చదువుతున్నావా తల్లీ?" అని మామయ్య ఆటపట్టిస్తుంటాడు.

నిల్వ మాంసం రోజూ తినేవాళ్ళలో పేగు జబ్బులు ఎక్కువని ల్యాబు తేల్చినప్పుడు పోస్టరు రాసింది ఆవిడే. సాసేజ్‌లూ, ఉప్పు పట్టించి డబ్బాల్లో పెట్టిన మాంసమూ 'తగ్గించి తినండి' అన్నది చివరి వాక్యం. దాని మీద డైరెక్టరు గదిలో పూటంతా చర్చ జరిగింది. మాంసం కంపెనీల సంఘం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ల్యాబులో కొత్త ఫ్రిజ్‌లు ఆ సంఘం ఇచ్చినవే. తర్వాతి పరిశోధనకు డబ్బిచ్చేదీ వాళ్ళే.

"తగ్గించమంటే జనం భయపడతారమ్మా. భయపెట్టడం సైన్స్ పని కాదు గదా. తగినంత తినండి అంటే తప్పేముంది?" అన్నాడాయన.

డైరెక్టరు ఆవిడ వైపు చూసి, "రెండూ త, గ లతోనే మొదలవుతాయి. ఒక్కమాట దగ్గర అంత పట్టింపెందుకు?" అన్నాడు.

ఆ ఒక్కమాట తప్ప పోస్టరులో మిగతాదంతా అలంకారమేనని ఆవిడకు తెలుసు. తెలిసీ సరేనంది. కొత్త మాట పాతమాట ఉన్న చోట చక్కగా సరిపోయింది కూడా.

మామయ్య బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పేగులో చిన్న కణితి తీయించుకున్నాక డబ్బా మాంసం తగ్గించమని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళు బుద్ధిగానే ఉన్నాడు. ఒకరోజు చెకప్‌కి వెళ్ళొచ్చి, దారిలో కొన్న డబ్బా బల్ల మీద పెట్టాడు.

"డాక్టరు తగ్గించమన్నాడు గదండీ," అంది అత్తయ్య.

"ఆయన గది బయట గోడ మీదే తగినంత అనుంది. అది రాసిందెవరు? మన కోడలు. నాకు తగినంత ఎంతో నాకు తెలీదా?" అంటూ ఆయన రొట్టె మధ్యలో గులాబీరంగు ముక్కలు దొంతరగా పేర్చుకున్నాడు.

"తాతయ్యా, నాకూ తగినంత," అని బాబు చెయ్యి చాపాడు.

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏంటమ్మా, నువ్వు చెప్పిందేగా?" అంది అత్తయ్య.

"నేను రాసింది తగ్గించి అని. మార్చమన్నారు. మార్చాను."

మామయ్య నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. "ఎవరు మార్చమన్నారు?"

"అమ్మేవాళ్ళు."

"నువ్వు సరేనన్నావు."

"అన్నాను మామయ్యా."

"బ్రేకు పట్టట్లేదని తెలిసీ బండిని రోడ్డు మీదికి పంపేవాణ్ణి మా డిపోలో ఏమని తిట్టేవాళ్ళో తెలుసా? పిల్లాడున్నాడు, చెప్పను." పళ్ళెం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆ తిట్టేదో తిట్టేసి ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకు. మర్నాటి నుంచి ఆయన ప్యాకెట్టు చదివే జోకు మానేశాడు.

తర్వాతి చెకప్ రోజు డైరెక్టరు ఆవిడను గదికి పిలిచాడు. స్పీకరులో ఆసుపత్రి నర్సు మాట్లాడుతోంది.

"ఎవరో పెద్దాయన మీ పోస్టరు మీద పెన్నుతో కొట్టేసి, తగ్గించి అని రాశారండీ. ఇదేంటని అడిగితే, మా కోడలు రాసిందే నేను సరిచేస్తున్నా అంటారు. వచ్చేపోయేవాళ్ళంతా అడుగుతున్నారు. ఇంతకీ ఏది కరెక్టు?"

డైరెక్టరు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "అచ్చులో ఉన్నదే కరెక్టని చెప్పేయండి. వచ్చే నెల ఫ్రిజ్‌ల వాళ్ళతో మీటింగు ఉంది."

ఆయన చెయ్యి తీసేదాకా ఆగి, ఆవిడ ముందుకు వంగింది. "పెన్నుతో రాసిందే కరెక్టు. ల్యాబు తేల్చింది అదే. అచ్చులో మార్చింది నేను."

డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"సరేనండీ, ఇక్కడ అలాగే ఉంచుతాం. మరి బడుల్లో ఉన్న పోస్టర్ల సంగతో?"

బాబు బడిలో ఆ పోస్టరు మెట్ల పక్కనే ఉంది. పిల్లల కళ్ళకు తగిన ఎత్తులో అతికించమని అడుగున సూచన రాసిందీ ఆవిడే.