పెద్దకోడలి నీరసం

మా తోడికోడలు తుమ్మితే చాలు, ఇల్లంతా లేచి నిలబడుతుంది. నేను కళ్లు తిరిగి గోడ పట్టుకున్నా "కాస్త తిండి తగ్గించు" అంటారు. తను పుల్లలా ఉంటుంది, నేను బస్తాలా ఉంటాను మరి. కుళ్లా అంటే కుళ్లే. దాచుకోవడం నాకు చేతకాదు.

ఇద్దరం ఒకే టైలరు కొట్లో పనిచేస్తాం. నాది కాజాలు కుట్టే పని, కిటికీ పక్క కుర్చీ. ఇన్నేళ్లలో నేను కుట్టిన కాజా ఊడింది లేదు. తను గుండీలు కుడుతూ నా కుర్చీ వంకే చూస్తుంటుంది. ఈమధ్య నా వేళ్లు మొద్దుబారి, సూది ఎక్కడుందో కంటితో చూస్తే గాని తెలియడం లేదు. ఎవరిదో కొత్త కోటు మీద నా వేలి రక్తం అంటిన రోజు టైలరు మాస్టారు నోరు విప్పారు.

"అమ్మా, నెలాఖరు దాకా చూస్తాను. తగ్గకపోతే కాజాలు మీ చెల్లెమ్మకి ఇచ్చేస్తా. ఏమీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాను? ఒళ్లు మండిపోయింది. మా చెల్లెమ్మగారు తల వంచుకుని నవ్వు దాచుకుంటోంది.

ఆ వారమే చిన్నకోడలికి నీరసమని అత్తయ్య రక్తపరీక్షకి బయల్దేరదీసింది. నేనూ చెప్పులేసుకున్నాను.

"నీకెందుకే? గుండ్రాయిలా ఉన్నావు," అంది అత్తయ్య. అయినా వెళ్లాను.

సాయంత్రం రిపోర్టులు తెచ్చిన మరిది తల గోక్కున్నాడు. డి విటమిను, బి పన్నెండు బాగా తక్కువున్నది నాకట. వాళ్లావిడకి అన్నీ సరిగ్గా ఉన్నాయట.

"తారుమారు చేసుంటారు వెధవలు! ఇంత మనిషికి లోపమేంటి?" అని తేల్చేసింది అత్తయ్య.

అందరూ అవునవునన్నారు, మా ఆయన కూడా. మరిది పరుగున వెళ్లి మాత్రలు తెస్తే మా తోడికోడలు మహాతల్లి కిమ్మనకుండా మింగింది.

మర్నాడు తన చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. అత్తయ్య వెనకాలే వచ్చింది. డాక్టరమ్మ మమ్మల్ని కళ్లు మూసుకోమని, వేళ్ల కొసల్ని గుండుసూదితో తాకింది. తోడికోడలు ప్రతిసారీ "అబ్బా" అంది. నా వంతు ఇంకా రాలేదనుకుని నేను ఓపిగ్గా కూర్చున్నాను. కళ్లు తెరిస్తే అత్తయ్య నా వేళ్ల వంకే చూస్తోంది.

"రిపోర్టులేం మారలేదండీ," అంది డాక్టరమ్మ. "లావుగా ఉన్నంత మాత్రాన విటమిన్లు ఉన్నట్టు కాదు. డి విటమిను కొవ్వులోనే చిక్కుకుపోయి రక్తంలోకి తక్కువ వస్తుంది. బి పన్నెండు తగ్గితే చేతులు ఇలా మొద్దుబారతాయి. ఇంజెక్షన్లు మొదలుపెడదాం."

"నెలాఖరుకి తగ్గుతుందా?" అన్నాను.

"తగ్గొచ్చు. మాటివ్వలేను."

దారిలో తోడికోడలు నసిగింది. "అక్కా, ఒకవేళ తగ్గకపోతే కాజాలు..."

"నోర్ముయ్!" అన్నది నేను కాదు, అత్తయ్య.

ఇంటికొచ్చాక అత్తయ్య పాలు కాచింది. అలవాటుగా చిన్నకోడలి వైపు నడిచి, ఆగి, గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగు," అంది, నా మొహం చూడకుండా.

తోడికోడలు ఆ గ్లాసు వంకే చూస్తోంది. ఆ చూపు నాకు కొత్త కాదు, ఇన్నేళ్లూ నా కళ్లలో ఉన్నదే. జాలి వేసిందా అంటే కాస్త వేసింది. గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాను. పొగలు వస్తున్నాయి గాని వేళ్లకి వేడి తెలియలేదు. తను చూస్తుండగానే, చుక్క మిగల్చకుండా తాగేశాను.