అందరికీ అందే పాట

నా చిన్నప్పుడు మా వీధిలో ఏ కబురైనా పాలు పోసే మామ్మే ముందు మోసుకొచ్చేది. ఎవరింట్లో పెళ్ళిచూపులు, ఎవరి ఆవు ఈనింది, అన్నీ పాలతో పాటే మా గిన్నెలో పోసి వెళ్ళేది. ఒకరోజు నా కబురే తెచ్చింది.

"ఏటమ్మా, ఈసారి మట్టల పాట మీ పాపే ఎత్తుతాదంట గదా! పక్కింటి పిల్ల సెప్పింది. మీకు తెల్దేటి?"

అమ్మకి తెలీదు. నాకూ తెలీదు.

తొంభైల నాటి మాట. మేము గోపాలపట్నంలో ఉండేవాళ్ళం. నాన్నకి పోర్టులో షిఫ్టు ఉద్యోగం. నాకేమో ఆయాసం. దుమ్ము పడదు, చలి పడదు, పరుగు అసలే పడదు. అందుకని బడి మానిపించి అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. కీర్తనల గ్రంథంలో అక్షరాలు దిద్దించింది, బియ్యం కొలిపించి లెక్కలు నేర్పింది. పాటలు మాత్రం కిటికీ దగ్గర కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. ఆ కిటికీ అవతలే పక్కింటి అక్క వాళ్ళ ఇల్లు. అక్క ఆటోనగర్‌లో బోల్టులు చేసే షెడ్డుకి పనికి వెళ్ళేది. మెషీన్ల మోతలో మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించేది. ఆదివారాలు మా గుడిలో, అంటే చర్చిలో, పిల్లలకి పాటలు నేర్పేది కూడా ఆమే. నేను కిటికీలో పాడుకుంటుంటే ఎన్నాళ్ళ నుంచి వింటోందో ఏమో!

యేసు ప్రభువు యెరూషలేముకి వచ్చినప్పుడు జనం మట్టలు పట్టుకుని ఎదురెళ్ళారు కదా. ఆ జ్ఞాపకంగా మట్టల ఆదివారం పొద్దున్నే పిల్లలం ఈతమట్టలు పట్టుకుని, పాడుతూ, బజారు మీదుగా గుడికి నడుస్తాం. ముందు నడిచేవాళ్ళు పాట ఎత్తుకుంటే వెనకవాళ్ళు అందుకుంటారు. ఈసారి ఆ ముందు నడిచే పిల్లని నేనట!

అమ్మ వద్దంటే వద్దంది. అక్క మా గుమ్మంలోంచి కదల్లేదు. "పిన్నీ, నాను పక్కనే ఉంటాను గదా. ఒక్కసారి పంపించు. తేడా వస్తే మళ్ళీ అడగను," అంది. అమ్మ నా మొహం చూసి సరేనంది. ఆ "ఒక్కసారి" నాకు బాగా అర్థమైంది. ఇది బాగా జరిగితే గుమ్మం దాటుతాను. లేకపోతే మళ్ళీ కిటికీయే.

ఆ ఆదివారం మట్ట పట్టుకుని ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, ఇంట్లో ఎలా పాడుకునేదాన్నో అలాగే ఎత్తుకున్నాను. పల్లవి హాయిగా సాగింది. చరణంలో పాట పైకి వెళ్ళాలి. నా సన్నగొంతు వెళ్ళిపోయింది కూడా. వెనక మాత్రం పెద్దపిల్లల గొంతులు చీలిపోయాయి, చిన్నపిల్లలు బ్రేకు పడిన లారీల్లా కీచుమన్నారు, తర్వాత ఒక్కొక్కరే ఆగిపోయారు. తిరిగి చూస్తే పాడుతున్నది నేనొక్కదాన్నే.

టీ కొట్టు బాబాయి గ్లాసు పట్టుకుని అరిచాడు. "ఏటమ్మా, పాట కరెంటు తీగల్లో సిక్కుకుపోనాదేటి? కిందకి దింపండి!"

బజారంతా నవ్వింది. వరస చివర నుంచి అమ్మ నా వైపు రావడం కనిపించింది. నా గుండెల్లో పిల్లి కూతలు మొదలయ్యాయి. అయిపోయింది, ఇంటికే అనుకున్నాను.

అక్క మట్ట అడ్డం పెట్టి అమ్మని ఆపింది. "ఉండు పిన్నీ. ఎలా ఎత్తుకోవాలో దానికి నాను సెప్పనేదు, తప్పు నాదే. ఇప్పుడు నానెత్తుతాను, సూడండి," అంది.

ఎత్తుకుంది. ఎంత కిందకంటే, మంచం కింద ఎవరో గురకపెడుతున్నట్టుంది. రెండో పాదానికొచ్చేసరికి ఇక గొంతే లేదు, గాలి మాత్రమే మిగిలింది. మా సంఘపెద్ద తాతగారు అందుకోబోయి కప్పలా బెకబెకమన్నారు. నన్ను చూసి నవ్విన దానికి రెండింతలు నవ్వింది బజారు. అందరికంటే ఎక్కువ నవ్వింది అక్కే. "ఓసి నా గొంతో! నూతిలో పడిపోనాదే!" అంటూ కడుపు పట్టుకుని నా పక్కన చతికిలబడింది. నాకూ నవ్వాగలేదు.

అప్పుడు నా చెవిలో చెప్పింది. "సూసినావా? నువ్వు మేడెక్కించినావు, నాను నూతిలోకి దింపినాను. ఇంక మధ్యదే మిగిలింది. చరణంలో పైకెళ్ళే మాట ఉంది గదా, ముందది లోపల పాడుకో. నీకు కాదు, ఈళ్ళందరికీ అందుతాదా అని సూసుకో. అప్పుడు ఎత్తుకో."

అప్పటిదాకా నేను ఒంటరిగానే పాడాను. ఇంకొకరి గొంతు ఎంత దూరం వెళ్తుందో నాకు తెలిసే వీలే లేదు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. వెనక్కి తిరిగి ఒక్కొక్కరి మొహమూ చూశాను. పై మాట లోపల పాడుకుని, అక్కడి నుంచి మెల్లగా దిగొచ్చి, ఎత్తుకున్నాను.

చరణం దగ్గర అందరూ పైకొచ్చారు. తాతగారితో సహా. టీ కొట్టు బాబాయి "ఇప్పుడు దిగినాదమ్మా!" అని చెయ్యెత్తాడు. ఆయాసం రాలేదని చెప్పను, వచ్చింది. కానీ వాళ్ళు పాట అందుకున్న ప్రతిసారీ నేను తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. అలా గుడిదాకా నడిచాను. వెనక నుంచి అమ్మ గొంతు కూడా వినిపించింది.

మర్నాడు పాలు పోస్తూ మామ్మ చిన్నగా నవ్వింది. "ఎన్నేళ్ళబట్టో ఇంటన్నాను మీ పక్కింటి అక్క పాట. ఏనాడూ తప్పనేదు. నిన్న నీ ఎనకాలే తప్పిందంటే నానెలాగ నమ్మీదే?"

నేను గిన్నె పట్టుకునే పక్కింటి గుమ్మం వైపు తిరిగి చూశాను.

ఆ ఆదివారం తర్వాత అమ్మ నన్ను ఆపలేదు. ఆయాసం ఇచ్చిన దేవునికి ఈరోజుకీ స్తోత్రం చెబుతాను. అది లేకపోతే ఆ కిటికీ లేదు, ఆ అక్కా లేదు. ఇప్పుడు గుడిలో పిల్లలకి పాటలు నేర్పేది నేనే. ఏ పిల్లయినా పాటని మేడెక్కించి, మొహం ఎర్రబడి నా వైపు చూస్తే, తర్వాతి పాట నేను ఎత్తుకుంటాను, నూతి లోపలి నుంచి. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. మొదటి బెంచీలో కూర్చున్న అక్క మాత్రం నవ్వదు, నన్నే చూస్తుంది. గొంతు ఆపరేషను తర్వాత ఆమె పాట పెదవుల మీదే ఆగిపోతోంది.

మీరు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకునేవారైనా సరే, ఎక్కడైనా ఒక పిల్ల పాట మరీ పైకి ఎత్తుకుని తడబడితే, ఆ క్షణం మా పక్కింటి అక్కని ఒక్కసారి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.