ఆ మలుపు దగ్గర నేను లేను

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఒక పన్నెండేళ్ల పిల్ల ముఖంలోకి చూస్తూ చెప్పాను. అది నిలబడటానికి ఆ తర్వాత చెయ్యాల్సిన పని ఒకటుంటే అదీ చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి మనుషుల్లేక కాదు అని రాయబోయి ఆగిపోయాను. నిజానికి లేరు. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇలా చెప్పుకోవడం కూడా పిరికితనమేనా? అయ్యుండొచ్చు.

నేను వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో టీచర్ని. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు చెబుతాను. ఏలూరు నుంచి స్టూడెంట్‌గా వచ్చి, ఆక్లండ్‌లోని మనురేవాలో నలుగురం అమ్మాయిలం ఒక ఫ్లాట్‌లో ఉంటూ చదువు పూర్తి చేశాను. మిగతా ముగ్గురూ ఆక్లండ్‌లోనే ఉండిపోయారు. నాకు ఉద్యోగం ఇక్కడ దొరికింది. ఒక్కదాన్నే వచ్చాను. మొదట్లో వాళ్లలో లావణ్య రోజూ ఫోన్ చేసేది. తర్వాత వారానికోసారి. తర్వాత ఆమెకు పెళ్లి కుదిరింది, నాకు పని పెరిగింది. ఎవరి తప్పూ లేకుండానే ఫోన్లు తగ్గిపోయాయి.

అది టీచర్‌గా నా రెండో ఏడాది. మార్చిలో ఇక్కడ ఆకులు పసుపెక్కడం మొదలవుతుంది, దాంతోపాటే స్కూళ్లలో ఆటల హడావుడి. ముందు స్విమ్మింగ్ పోటీలు, వెంటనే అథ్లెటిక్స్, మే నెలలో క్రాస్ కంట్రీ పరుగు. పాతవాళ్లందరూ ఏదో ఒక కారణం చెప్పి తప్పుకుంటే ఆ బాధ్యత నా మీద పడింది. కాదనలేకపోయాను. నాకు ఆటల గురించి తెలిసిందేముంది? నేను చదివిన స్కూల్లో ఆటల పీరియడ్ అంటే లెక్కల మాస్టారు లాగేసుకునే పీరియడ్. ఇక్కడేమో పేర్ల జాబితాలు, తల్లిదండ్రులకు ఉత్తరాలు, బస్సులు, రంగు రిబ్బన్లు, నంబర్ల బిళ్లలు. పొద్దున్నే వెళ్లి జెండాలు పాతడం, సాయంత్రం పీకడం. స్విమ్మింగ్ పోటీల్లో నేను రెండు జాబితాలు తారుమారు చేశాను. ఇద్దరు పిల్లలు తమది కాని పోటీలో ఈదారు. తల్లిదండ్రులు గొడవ చేశారు. మా డిప్యూటీ ప్రిన్సిపాల్ జేన్ నన్ను గదిలోకి పిలిచి, గొంతు పెంచకుండానే, "ఇంకోసారి ఇలా జరగకూడదు" అంది. మే నెలాఖరులో నా పూర్తి రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆమే. అప్పటిదాకా నేను సగం టీచర్ని.

మెలె గురించి చెప్పాలి. ఇక్కడిదాకా ఆలస్యం చేసింది అందుకే.

మెలె టోంగా దీవుల వాళ్ల పిల్ల. అమ్మమ్మ దగ్గర ఉండేది. సన్నగా, పొడుగ్గా, ముందు పళ్ల మధ్య సందుతో ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ నేను పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తించేదాన్ని. నేనూ వాళ్లతోపాటు పరిగెత్తాలని పట్టుబట్టి, రెండో చుట్టుకే పక్కపోటు వచ్చి నడిచేదాన్ని. అందర్నీ దాటి వెళ్లిపోయిన మెలె మళ్లీ వెనక్కి వచ్చి నా పక్కన నడిచేది. "మిస్, మీ ఊళ్లో కూడా ఇంత గాలి ఉంటుందా?" "మిస్, ఇంట్లో మీకు వంట ఎవరు చేస్తారు?" నేనే చేసుకుంటానంటే, "మరి ఎవరితో తింటారు?" అనడిగేది. ఆ ఏడాది నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నడిచేది. బూట్లతో పరిగెత్తితే బరువంటుంది. ఇక్కడి పిల్లలు చాలామంది అంతే.

క్రాస్ కంట్రీ రోజున దక్షిణం నుంచి చలిగాలి వీచింది. ముందు రెండు రోజులు వాన. నది కట్ట పక్కనున్న పెద్ద మైదానంలో పోటీ. నది వైపు చివర్న ఒక కర్ర పాతాం. పిల్లలు దాని చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. అక్కడ నిలబడాల్సింది నేను. రెండు పనులు నావి: ఒకటి, తిరిగిన ప్రతి పిల్ల నంబరుకూ జాబితాలో టిక్కు పెట్టడం. రెండు, నది దగ్గర కాబట్టి ఏ పిల్లా కట్ట దాటకుండా చూడటం. రెండోది ముఖ్యమని పొద్దున జేన్ అందరి ముందూ నాకు చెప్పింది.

ఆ రోజు నా పుట్టినరోజు. స్కూల్లో ఎవరికీ తెలియదు. ఎందుకు చెబుతాను?

మెలె వాళ్ల పోటీకి ముందు ఫోన్ మోగింది. లావణ్య. నాలుగు నెలల తర్వాత. గాలికి మాట వినపడక కట్ట అవతల విల్లో చెట్ల చాటుకు నడిచాను. దూరంగా పోటీ మొదలైన హారన్ వినిపించింది. అంతకు ముందు పరిగెత్తిన అబ్బాయిలు కర్ర దగ్గరికి రావడానికి ఎంతసేపు పట్టిందో చూశాను కదా, ఇంకా టైముందనుకున్నాను.

"హ్యాపీ బర్త్‌డేనే! మర్చిపోయాననుకున్నావు కదా? ఏం వండుకున్నావే ఇవాళ?"

ఏమీ వండుకోలేదని చెప్పలేదు. పులిహోర అన్నాను. ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అనుకుంటూ మాట్లాడాను. తెలుగులో నవ్వి ఎన్నాళ్లయిందో. ఫోన్ పెట్టేసి కట్టెక్కి వచ్చేసరికి దారి ఖాళీగా ఉంది. కాసేపటికి మొదటి గుంపు వచ్చింది. ముందు షార్లెట్ అనే పిల్ల, వెనక ఇంకో ఇద్దరు. ఒక్కొక్కరికీ టిక్కు పెట్టాను. ఆఖరి పిల్ల వెళ్లాక జాబితాలో ఒక్క నంబరు మిగిలిపోయింది. మెలె నంబరు. దారిలో ఎక్కడో ఆగిపోయిందేమో అనుకున్నాను. అలా అనుకున్నానా? ఏమో, ఎనిమిదేళ్లుగా ఆ క్షణాన్ని తిప్పి తిప్పి చూస్తే ఇప్పుడు నాకే తెలియడం లేదు.

ముగింపు దగ్గరికి వెళ్లేసరికి మెలె గడ్డి మీద కూర్చుని ఉంది. చేతిలో మొదటి స్థానం కార్డు. కాళ్లు మోకాళ్ల దాకా బురద. వాళ్ల అమ్మమ్మ పక్కన నిలబడి స్వెటర్ తొడుగుతోంది. షార్లెట్ కంటే అంత ముందుగా ఎలా వచ్చిందని తల్లిదండ్రుల్లో ఎవరో అడిగారట. జేన్ నా చేతిలోంచి జాబితా తీసుకుని చూసింది.

"మెలెకు టిక్కు లేదే? నిన్ను దాటి వెళ్లిందా?"

నేను జవాబు చెప్పేలోపు మెలె లేచి నిలబడింది.

"నేను కర్ర చుట్టూ తిరిగాను, మిస్. అప్పుడక్కడ ఎవరూ లేరు."

జేన్ నా వైపు తిరిగింది. అడ్డుగా ఎవరూ లేరు. నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటల వెనక నది, ఖాళీ కట్ట, తారుమారైన స్విమ్మింగ్ జాబితాలు, పెట్టని సంతకం వరుసగా కనిపించాయి. మెలె నన్నే చూస్తోంది. భయంగా కాదు. నేను చెబుతాననే నమ్మకంతో.

"నేనక్కడే ఉన్నాను, మెలె," అన్నాను. "నువ్వు రాలేదు."

తను ఏడవలేదు. నా ముఖంలో ఏదో వెతికింది. తర్వాత చేతిలోని కార్డు వైపు చూసుకుని, జేన్ అడగకముందే ఇచ్చేసింది. కార్డు షార్లెట్‌కు వెళ్లింది. అన్ని స్కూళ్లూ కలిసే పోటీకి షార్లెట్టే వెళ్లింది.

ఇక్కడితో ఆగితే భయపడి నోరు జారానని సర్దిచెప్పుకునేదాన్ని. మెలె నిజంగానే అడ్డదారిన వెళ్లిందేమో, ఎవరు చూశారు అని కూడా అనుకునేదాన్ని. కానీ పోటీలన్నీ అయ్యాక కర్ర పీకడానికి నేనే వెళ్లాను. కర్ర చుట్టూ బురదంతా బూట్ల గుర్తులు. కర్రకు బాగా దగ్గరగా, ఎవరూ తొక్కని చోట, ఒక ఉత్తి కాలి ముద్ర ఉంది. మడమ లేదు. అయిదు వేళ్లు మాత్రం లోతుగా దిగి, మలుపు తిరిగినట్టు ఒక పక్కకు జారి ఉన్నాయి. ఆ చలికి ఆ రోజు పిల్లలందరూ బూట్లతోనే పరిగెత్తారు, ఒక్క మెలె తప్ప. నేను ఊహించినదానికంటే వేగంగా వచ్చింది. నేను సిద్ధమయ్యేలోపే వెళ్లిపోయింది. ఆమె చేసిన నేరం అదే.

ఫోన్ నా జేబులోనే ఉంది. ఫొటో తీసి జేన్‌కు చూపించవచ్చు. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. బూటు మడమతో ఆ ముద్రను చెరిపేశాను. ఒకసారి సరిగ్గా చెరగలేదు. ఇంకోసారి రుద్దాను.

నా తప్పు అబద్ధం కాదు, ఆ రెండోసారి రుద్దడం. మొదటిది భయం అనుకుందాం. రెండోది ఏమిటి?

తర్వాత జరిగింది స్కూలు పద్ధతి ప్రకారం జరిగింది. నిజం ఒప్పుకుంటే వచ్చే పోటీల్లో పరిగెత్తనిస్తామని మెలెకు చెప్పారు. ఎవరూ అరవలేదు, అందరూ మృదువుగానే మాట్లాడారు. మూడు రోజులు తను ఒకటే మాట చెప్పింది, తిరిగానని. నాలుగో రోజు నా పేర ఉత్తరం రాసింది. కర్ర చుట్టూ తిరగనందుకు సారీ, మీరు అబద్ధం చెప్పారన్నందుకు సారీ అని. అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. ఇంట్లో అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టి రాయించి ఉంటుంది. ఆ ఉత్తరం ముందు పెట్టుకుని టీ తాగాను. చల్లారిపోయింది, అయినా తాగాను.

నెలాఖరుకు జేన్ సంతకం పెట్టింది.

మెలె మళ్లీ పరిగెత్తలేదు. పరిగెత్తనిస్తామని చెప్పినా రాలేదు. భోజనాల వేళ మైదానం చుట్టూ నేను మిగతా పిల్లలతో నడుస్తుంటే, తను లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఏదో తింటూ కనిపించేది. చేయి ఊపితే తనూ ఊపేది. మర్యాదగా. ఆ చేయి చూసినప్పుడల్లా ఈ రోజే చెప్పేస్తాననుకునేదాన్ని. ఏడాది చివర్లో తను కాలేజీకి, అంటే ఇక్కడి హైస్కూలుకు, వెళ్లిపోయింది. నాకు ఊపిరి తేలికైందని చెబితే మీరేమనుకుంటారు? అయింది.

అప్పటి నుంచి నేను మనుషులకు దగ్గర కాలేకపోయాను. ఎవరైనా నన్ను మంచిదానివంటే ఒంటి మీద గొంగళి పురుగు పాకినట్టుండేది. లావణ్య ఫోన్ చేస్తే ఎత్తడం తగ్గించాను, ఆ ఫోన్ వల్లే కదా అన్నట్టు. ఆమెకేం తెలుసు పాపం? కొన్నాళ్లకు తనూ మానేసింది. ఇలా ఒకదాని మీద ఒకటి.

మొన్న మార్చిలో, ఒక శనివారం మధ్యాహ్నం, వెల్లింగ్టన్ నుంచి రైల్లో వస్తున్నాను. ఎదురు సీట్లోని అమ్మాయి నన్ను చూసి నవ్వింది. పళ్ల మధ్య సందు. పక్కన తన స్నేహితురాలు.

"మిస్! నేను మెలెని, గుర్తున్నానా?"

చిన్నపిల్లల సెంటర్లో పని చేస్తోందట. అమ్మమ్మ బాగానే ఉందట. తర్వాత స్నేహితురాలి వైపు తిరిగి, నవ్వుతూ చెప్పింది. "ఈ మిస్ దగ్గరే నేను క్రాస్ కంట్రీలో చీట్ చేసి దొరికిపోయాను." మళ్లీ నా వైపు తిరిగింది. నవ్వు కొంచెం తగ్గింది. "అప్పుడు ఎందుకలా చేశానో నాకే తెలియదు, మిస్. తిరిగినట్టే గుర్తుంది. కానీ తిరగలేదు కదా. ఇప్పుడు మా సెంటర్లో పిల్లలు అబద్ధం చెబితే నేను కోప్పడను. వాళ్లకు నిజంగానే అలా గుర్తుంటుందేమో అనిపిస్తుంది."

రైలు నది పక్కన వెళ్తోంది. నాకు నాలుగు స్టేషన్ల టైముంది. చేత్తో సీటు కమ్మీ పట్టుకున్నాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు నేనన్న మాట ఇది:

"పర్వాలేదు మెలె. చిన్నపిల్లవి కదా."

ఆమెను క్షమించాను. మీరు సరిగ్గానే చదివారు. ఆమె గుర్తుపెట్టుకున్న నిజాన్ని నేను ఆమె చేతే అబద్ధం చేయించి, ఎనిమిదేళ్ల తర్వాత దానికి క్షమ కూడా పెద్ద మనసుతో ఇచ్చాను. తను థాంక్యూ మిస్ అని, తన స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫామ్ మీద నుంచి చేయి ఊపింది.

ఆ రోజు నుంచి నిద్ర సరిగ్గా లేదు. ఇప్పుడు మళ్లీ క్రాస్ కంట్రీ రోజులు. ఈసారి జాబితాలు తయారు చేసేది కొత్తగా చేరిన ఒక కుర్ర టీచర్. ఆమెకు అన్నీ నేర్పమని నాకు అప్పజెప్పారు. నేర్పుతున్నాను. అన్నీ కాదు.

మెలెకు చెప్పాలి. తను పని చేసే చోటు నాకు తెలుసు, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరం. సోమవారం వెళ్తానని ఇక్కడ రాయాలని ఉంది. రాయను. నా మాట మీద నాకు నమ్మకం లేదు, మీకు మాత్రం ఎందుకుండాలి? చెప్పినా తను క్షమించాల్సిన అవసరం లేదు. క్షమిస్తే నేను తట్టుకోగలనో లేదో కూడా తెలియదు. కానీ ఒక్కటి మాత్రం ఇంతకాలం ఏ భాషలోనూ, మనసులో కూడా, పూర్తి వాక్యంగా అనుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు మెలె అందరికంటే ముందు, ఒక్క అడుగు కూడా తగ్గించకుండా, ఆ పోటీ గెలిచింది. నేను ఫోన్‌లో మాట్లాడుతూ చూడలేదు. చూడలేదని తెలిసీ తనను దొంగ అన్నాను.

రాశాను. పొద్దున కూర్చుంటే ఇప్పటికి అయింది. వాన వెలిసినట్టుంది, పక్కింటివాళ్లు బట్టలు ఆరేస్తున్నారు. ఏమీ మారలేదు. కానీ ఆకలేస్తోంది. లేచి అన్నం పెట్టుకుంటాను.