బరాత్‌లో ఆగిన కారు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది కంపెనీ నన్ను వరంగల్‌కు వేసింది. హోదా సీనియర్ ఇన్‌స్పెక్టర్. ఆఫీసు సుబేదారిలో ఒక మేడ మీద రెండు గదులు. తయారీదారు ఇచ్చిన వారంటీ ముగిసిన కార్లను సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి, మరికొంత కాలం ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మా కంపెనీ హామీ ఇచ్చేది. బండి చెడిందని కబురొస్తే నేను వెళ్ళి కారణం లోపలిదా బయటిదా తేల్చాలి. లోపలి భాగం తనంతట తాను చెడితే ఖర్చు కంపెనీది. బయటి వస్తువు వల్ల చెడితే, దాని వెంట పాడైన ప్రతిదీ యజమాని నెత్తిన పడుతుంది. ఈ ఒక్క నిబంధన వల్ల జనం నన్ను ఎంత తిట్టుకున్నారో ఆ దేవుడికే ఎరుక.

ఆ ఏడు దసరా వెళ్ళిన వారానికి హనుమకొండలోని ఒక గ్యారేజీ నుంచి ఫోన్ వచ్చింది. బండి జర్మనీ సెడాన్, రెండు టర్బోలున్న పెద్ద ఇంజను. ఇలాంటి బండ్లు మా జిల్లాలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. ఇంజను ఉడికిపోయింది, దించాల్సిందేనని మెకానిక్ అన్నాడు. మా అనుమతి రాకుండా ఒక్క బోల్టు విప్పినా వారంటీ రద్దవుతుందని చెప్పి, వెంటనే బయల్దేరాను.

యజమాని వెంకటేశం వరంగల్‌లోని కొత్తవాడ మనిషి. తరతరాలుగా నేతపని. మరమగ్గాలకు గిరాకీ పడిపోయాక, షెడ్డులోని మగ్గాల్లో సగం అమ్మి, హైదరాబాదులో ఈ కారు కొని, పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పుతున్నాడు. పెళ్ళికొడుకును ఊరేగించడానికి ఇలాంటి బండి దొరికితే జనం ఎగబడతారు. వారంటీ ఉంది కదా అన్న ధైర్యంతోనే కొన్నానని చెప్పాడు. పక్కన అతని భార్య స్వరూప, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఇంజను పోయి, వారంటీ రాకపోతే మిగిలిన మగ్గాలు కూడా పోతాయని ఇద్దరి మొహాల్లోనూ రాసి ఉంది.

జరిగింది ఇది. వర్ధన్నపేటలో పెళ్ళి. పెళ్ళికొడుకును ఊరేగించే బరాత్ మొదలై, ముందు డీజే, వెనక నడక కన్నా నెమ్మదిగా కారు. వరంగల్ నుంచి అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. బరాత్ నాలుగు సందులు తిరిగేసరికి వేడి ముల్లు పైకెక్కి ఎర్ర దీపం వెలిగింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. బరాత్ నడకలో గాలి ఉండదు, మొత్తం భారం ఫ్యాన్ మీదే. అందుకే ముందు ఫ్యాన్ చూశాను. చేత్తో తిప్పితే కదల్లేదు. టార్చి వేసి చూస్తే ఇరుసుకు తెల్లని దారం బిగుసుకుపోయి ఉంది, మధ్యలో ఎండిన బంతి రెక్కలు. కత్తెరతో కోసి బయటికి తీశాను.

స్వరూప ముందుకొచ్చి దాన్ని వేళ్ళతో నలిపి చూసింది. "ఇది మా పడుగు నూలే సార్. దసరా పూజకు దండ నేనే గుచ్చిన. గాలికి తెగిపోవద్దని మా నూలుతోటే గట్టిగ గుచ్చిన" అంది. దండ కొసల్ని బానెట్ లోపలికి తీసుకెళ్ళి కట్టారట. వాడిపోయాక పూలు తీశారు గానీ, ముడి కాడి దారం వదిలేశారు. అదే జారి ఫ్యాన్‌లో పడింది. పూలకొట్టు దారమైతే పుటుక్కున తెగి ఊరుకునేది. మగ్గం మీద నిలువునా బిగించే సాలెవాళ్ళ పడుగు మరి, తెగడానికి కాదు కదా చేసేది.

కారణం దొరికింది, అదీ బయటిది. ఆ మాట చెప్పగానే స్వరూప నేల మీద కూలబడింది. "నా చేతులతోటే ముంచిన" అని ఏడ్చింది. నిబంధన మార్చే అధికారం నాకు లేదు. కానీ ఇంజను నిజంగా పోయిందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. మెకానిక్ అయితే గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

కొత్త ఫ్యాన్ వచ్చేదాకా పనికొస్తుందని వేరే బండిది ఒకటి బిగింపించాను. కూలెంట్ నింపి, పంపుతో ఒత్తిడి పెట్టి ఆగాం. పంపు మీది ఒత్తిడి ముల్లు దిగలేదు, అంటే ఎక్కడా కారడం లేదు. ఇక అసలు పరీక్ష. ఇంజను లోపలి అతుకును మూసి ఉంచే గాస్కెట్ కాలితే పొగ కూలెంట్‌లోకి చేరుతుంది. నీలి మందు ఉన్న గాజు గొట్టాన్ని కూలెంట్ ట్యాంకు మూతి మీద పెట్టి ఇంజను నడిపిస్తే, పొగ ఉన్నప్పుడు మందు పసుపు రంగుకు తిరుగుతుంది. స్టార్ట్ చేయించి గొట్టం పట్టుకున్నాను. "జర మంచిగ చూడుండ్రి సార్" అన్నాడు వెంకటేశం. ఇంజను వేడెక్కినా, ఎంతసేపు చూసినా మందు నీలంగానే ఉంది. సన్నని కెమెరా లోపలికి దింపి సిలిండర్లు చూశాను, గోడల మీద గీత లేదు.

ఇంజనుకేమీ కాలేదని చెప్పాను. స్వరూప ఏడుస్తూనే నవ్వింది. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను, దాచుకోవడమెందుకు. ఫ్యాన్‌కు మాత్రం క్లెయిమ్ రాదని రాసిస్తే, వెంకటేశం నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. తిరస్కరణ రాసినందుకు నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

అంత వేడిలో ఇంజను ఎలా బతికిందని అడిగాను. "మీటరు కాడ ఎర్ర బుగ్గ ఎలగంగనే బంద్ చేసిన సార్. ఇంకొంచెం దూరమే, నడుపు నడుపు అని పెళ్ళోళ్ళు లొల్లి పెట్టిండ్రు. నేను వినలే. పోగు తెగితే మగ్గం ఆపుతం గద, అట్లనే" అన్నాడు. పెళ్ళికొడుకు దిగి ఇంకో బండెక్కాడట, పెళ్ళివారు నోటికొచ్చినట్టు తిట్టారట.

అంతకుముందు నేను చూసిన చచ్చిన ఇంజన్లలో చాలావాటిని వేడి ఒక్కటే చంపలేదు. వారంటీ ఉంది కదా, ఇంటిదాకా పోనిద్దాం అన్న యజమానుల ధీమా చంపింది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఏ తనిఖీకి వెళ్ళినా, బండి ఎందుకు చెడిందన్నది రెండో ప్రశ్నే అయింది. దీపం వెలిగాక ఎంత దూరం నడిపారని ముందు అడిగేవాణ్ణి.