నాయనమ్మకిచ్చిన గ్లాసు

నా చిన్నప్పుడు మా నందిగామ ఇంట్లో, మంచాన పడ్డ మనిషితో కంటే ఆ మనిషిని చూడ్డానికి వచ్చేవాళ్ళతోనే ఎక్కువ విసుగొచ్చేది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. మా నాయనమ్మ దొడ్లో జారిపడి, తుంటి ఎముక విరిగి, నెల రోజులుగా మంచంలోనే ఉంది. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు ప్రార్థన చేసేవారు, తరువాత కళ్ళొత్తుకునేవారు, ఆ తరువాత మా అమ్మకు సలహాలు మొదలుపెట్టేవారు. ఒకావిడ నువ్వుల నూనె రాయమంటే ఇంకొకావిడ నూనె మాటే ఎత్తొద్దనేది. ఇన్నీ చెప్పి, కాఫీ తాగి, వెళ్ళిపోయేవారు. చేసేది మాత్రం మా అమ్మ ఒక్కతే. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఇది చాలదన్నట్టు పక్కింటి అక్క ఒకతి తయారైంది. బెజవాడలో నర్సు ట్రైనింగు చదువుతూ ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చింది. మంచాన పడ్డవాళ్ళను ఇళ్ళల్లో ఎలా చూసుకుంటున్నారో వారం రోజులు గమనించి రాసుకు రమ్మని వాళ్ళ టీచరమ్మ చెప్పిందట. ఇంకేముంది, నోటుపుస్తకం పట్టుకుని మా ఇంటి మీద పడింది. ఎన్నిసార్లు పక్కకు తిప్పుతున్నారు, ఏం పెడుతున్నారు, ఎంత తాగుతోంది, పొద్దుటినుంచి ఎన్నిసార్లు ఒంటికి వెళ్ళింది, ఇవే ప్రశ్నలు. అడిగిందే అడిగేది.

పొయ్యి ముందు చెమటలు కక్కుతున్న మా అమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"తాగక ఏం చేస్తదమ్మా? గంటగంటకీ మజ్జిగో బార్లీ నీళ్ళో పంపిస్తానే ఉన్నా. గ్లాసు ఖాళీగానే తిరిగొస్తంది. ఇంకేం రాసుకుంటావో రాసుకో!"

అక్క నొచ్చుకోలేదు. రాసుకుంది. ఆ గ్లాసులు మోసేది నేనే కాబట్టి నా వైపు కూడా ఒకసారి చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ వారం నాయనమ్మ పరిస్థితి దిగజారింది. పగలంతా మగతగా పడి ఉండేది. పెదాలు పగిలాయి. మా నాన్నను పట్టుకుని ఎప్పుడో చనిపోయిన తన తమ్ముడి పేరు పెట్టి పిలిచింది. వచ్చినవాళ్ళంతా తలలూపి, పెద్దప్రాణం, ఇంక ఎన్నాళ్ళో ఉండదన్నారు. మా నాన్న మైలవరంలో ఉన్న మా అత్తకు కబురు పంపాడు. కడసారి చూసుకోవడానికి రమ్మని ఆ కబురుకు అర్థం.

మర్నాడు పొద్దున అక్క ఎక్కడినుంచో నేరేడుపళ్ళు తెచ్చింది. ఆ ఏడు మేమింకా ఆ పళ్ళ మొహమే చూడలేదు. వాటిని పిసికి, రసం వడగట్టి, కాస్త పంచదార కలిపి గ్లాసులో పోసి, "నాయనమ్మకు ఇచ్చి రా" అని నా చేతికిచ్చింది. లోపలికి వెళ్ళాను. కాసేపటికి ఖాళీ గ్లాసుతో బయటికొచ్చాను.

"తాగిందా?"

"ఆఁ, మొత్తం తాగింది."

"ఏదీ, నాలుక చాపు."

నోరు గట్టిగా మూసుకున్నాను. అయినా ఎంతసేపు మూసుకుంటాం? చాపాను. ఊదారంగు. అక్క నన్ను చెయ్యి పట్టుకుని మంచం దగ్గరకు తీసుకెళ్ళి, నాయనమ్మను కూడా నాలుక చూపించమంది. అది ఎండిపోయి, తెల్లగా, బీటలు వారి ఉంది. రంగు చుక్క లేదు.

వెనకే వచ్చిన మా అమ్మకు విషయం అర్థమైంది. ఇన్నాళ్ళుగా తాను పంపిన మజ్జిగా, బార్లీ నీళ్ళూ చాలావరకు నా పొట్టలోకే పోయాయి. "ఓసి నీ దుంప తెగ! ముసల్దాని నోటికాడివి తాగుతావంటే?" అంటూ నా మీదికి చెయ్యెత్తింది.

"దాన్నేం అనకే," అంది నాయనమ్మ, పీలగా. "నేనే తాగమన్నా. ఎవురికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నా."

"ఎందుకు నాయనమ్మా?" అని అడిగింది అక్క. నోటుపుస్తకం మూసేసి అడిగింది.

నాయనమ్మ చెప్పింది. "తాగితే ఒంటికొస్తది. ఒంటికొస్తే కోడల్ని పిలవాల. ఎత్తలేక ఎత్తుద్ది, దాని నడుం పడిపోయింది. పిలిచినప్పుడల్లా 'మళ్ళీనా' అంటది. అననీ, దాని తప్పేం లేదు. నేనే తాగడం మానుకున్నా."

మా అమ్మ నేల మీద కూలబడింది. ఆవిడ అత్తగారిని పల్లెత్తు మాట అనలేదని ఊరంతా చెప్పేవారు, అది నిజం కూడా. తిట్టలేదు, చీదరించుకోలేదు. అలసిపోయి ఆ ఒక్క మాట అనేది, అంతే. అలా అన్నట్టు ఆవిడకే గుర్తు లేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అక్క నీతులు చెప్పలేదు. "ఎత్తక్కర్లేదు పిన్నీ," అని, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, నాయనమ్మను బాగున్న తుంటి వైపుకు మెల్లగా దొర్లించి, బేసిను కిందికి ఎలా జరపాలో చూపించింది. "ఆవిడ పిలిచేదాకా ఆగొద్దు. మీరే ముందుగా వెళ్ళి అడగండి. తాగేటప్పుడు దగ్గర కూర్చోండి," అంది. అప్పటికప్పుడు చెంచాతో గుక్కగుక్కగా నీళ్ళు పట్టించింది. నన్నూ పక్కన కూర్చోబెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగు రోజులకు నాయనమ్మ మా నాన్నను గుర్తుపట్టింది. కడసారి చూపుకని ఏడుస్తూ వచ్చిన మా అత్తను, పిల్లల్ని వదిలేసి ఎందుకొచ్చావని తిట్టింది. ఆ మంచంలోంచే మరో రెండేళ్ళు మమ్మల్నందర్నీ తిట్టింది.

నాకేం ఓర్పు అబ్బలేదు, చెప్పాలిగా. ఇప్పుడు పక్షవాతం వచ్చిన మా ఆయన్ను చూసుకుంటూ రోజుకు పదిసార్లు విసుక్కుంటాను. ఫ్యాను మీద, కరెంటు మీద, పలకరింపులకొచ్చి కబుర్లు చెప్పేవాళ్ళ మీద. అందరి మీదా అరుస్తాను. నిన్న మధ్యాహ్నం అప్పుడే నడుం వాల్చానో లేదో ఆయన మూడోసారి పిలిచారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి లేచాను. వెళ్తూ వెళ్తూ మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకెళ్ళి, ఆయన పూర్తిగా తాగేదాకా పక్కనే కూర్చున్నాను.